గోడ మీద చిన్న పాదం

ప్రియమైన వదినకి,

ఫోన్లో చెబితే మధ్యలో దూరి నా వార్త నాకే చెప్పేస్తావు. అందుకే ఉత్తరం. కాగితం వెనక్కి తిప్పి చూడు, పోయిన ఏడాది లెక్కల పరీక్ష. ఒకవైపు రాసిన కాగితం పారెయ్యొద్దని ట్రైనింగులో చెవిలో జోరీగలా పోరావుగా, ఇప్పుడు అనుభవించు.

మా అయిదో తరగతి పిల్లలచేత నీ పాదాల ఆట ఆడించాను. వదినా, బడి బడంతా మా కిటికీల దగ్గరే! నువ్వు నేర్పినట్టే చేశాను. పిల్లలందరూ పాత న్యూస్‌పేపర్ మీద తమ పాదం గీసుకుని కత్తిరించుకున్నారు. ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి అడిగాను. బడికి దేనిమీద వస్తావు? ఇంట్లో ఫ్యాన్లెన్ని? ఈ ఏడాది కొత్త బట్టలెన్ని? స్నానానికి బకెట్టా, షవరా? వాడుకున్న ప్రతిదానికీ పాదం చుట్టూ ఒక పేపరు పట్టీ అంటించాలి. అలా పాదం పెరుగుతూ పోతుంది. మనం ఇలా బతకాలంటే భూమి ఎంత కావాలో చెప్పే ఈ కొలతనే పర్యావరణ పాదముద్ర అంటారర్రా అన్నాను. మాటలన్నీ నీవే, గొంతొకటి నాది.

కారులో వచ్చే మా బొద్దుగాడి పాదం దుప్పటంత అయింది. వాడు దాన్ని కప్పుకుని గురక పెట్టి చూపించాడు. ఒకటే నవ్వులు.

అందరికన్నా చిన్న పాదం మా పిచ్చుకది. పుల్లల్లాంటి కాళ్ళతో గెంతుతూ ఉంటుందని ఆ పేరు. ఏది ఉందా అని అడిగినా "లేదు టీచర్" అంది. ఒక్క పట్టీ పడలేదు, గీసిన పాదం గీసినట్టే ఉంది. అందరిచేతా చప్పట్లు కొట్టించి, "భూమికి ఇష్టమైన పాదం" అని రాసి గోడ మీద అన్నిటికన్నా పైన అంటించాను. పాపం, సిగ్గుతో తలెత్తలేదు. ఫొటోలో కూడా కళ్ళు నేలమీదే.

హెడ్మాస్టరుగారు "బాగుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను చేరాక ఇదే మొదటిసారి. రోజంతా నేలమీద నడిస్తే ఒట్టు.

అన్నయ్యని అడిగానని చెప్పు. నువ్వు బస్సు ప్రయాణాల గురించి చెబుతుంటే ఎందుకో దగ్గుతుంటాడు, మందేదైనా ఇప్పించు.

నీ ముద్దుల ఆడపడుచు

*

మా ఇంటి బంగారానికి,

నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. ఆరితేరిన నటిలా చదివాననుకో. ఇన్నాళ్ళూ నా ట్రైనింగుకి వచ్చిన టీచర్లు సంతకం పెట్టి, టీ తాగి, ఇచ్చిన ఫైలు సంచిలో పడేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. వెనకాల నన్ను "పాదాల మేడమ్" అంటారని కూడా తెలుసు. క్లాసులోకి తీసుకెళ్ళి చేసి చూపించింది ఎవరూ? మా ఆయన చెల్లెలు!

ఇప్పుడు అసలు సంగతి. అన్ని బడులకీ పంపడానికి టీచర్ల చేతిపుస్తకం తయారవుతోంది. అందులో పాదాల ఆట వెయ్యాలని మా డైరెక్టరుగారు అన్నారు. నా పేరుతో! ఆ పిచ్చుక ఫొటో వెంటనే పంపు. నెలాఖరులో పిల్లలందరినీ ఇంకోసారి కొలువు. ఎవరి పాదం తగ్గిందో చూస్తేనే ఆటకి అర్థం.

మన ట్రైనింగు హాల్లో గోడ మీద నా పాదం చూశావు కదా. పెద్దవాళ్ళ పాదాల్లో అదే చిన్నది. ఇంట్లో కారున్నా నేను బస్సే ఎక్కుతానని, ఏసీ గది మీ అన్నయ్యకి వదిలేసి నేను ముందు గదిలో ఫ్యాను కింద పడుకుంటానని, ఉన్నవి రెండే నూలు చీరలని చెబితే కొత్తగా వచ్చిన టీచర్లు నోరెళ్ళబెడతారు. చెప్పేవాళ్ళు చేసి చూపిస్తేనే కదా పిల్లలు వినేది.

మీ అన్నయ్య దగ్గుకేం గానీ, ఫొటో మర్చిపోకు.

ప్రేమతో,
మీ వదిన

*

ప్రియమైన వదినకి,

ఫొటో ఇందులో పెట్టాను. గోడంతా పాదాలే, పైన పిచ్చుకది, కింద పిచ్చుక.

రెండోసారి కొలవడం కూడా అయింది. చాలామందివి తగ్గాయి. బొద్దుగాడు కారు మానేసి వీధి చివరనుంచి నడిచి వస్తున్నాడట, వాళ్ళమ్మ నన్ను తిట్టుకుంటోందట. పిచ్చుక మాత్రం జవాబులు కొన్ని తప్పు చెప్పింది, సరిచేశాను. పెద్ద విషయమేం కాదు.

అది రెండు మూడు రోజులుగా బడికి రావడంలేదు. జ్వరమేమో. ఈ కాలంలో పిల్లలందరికీ వస్తున్నాయి.

ఇంతకన్నా విశేషాలేం లేవు. పేపర్లు దిద్దాలి.

నీ ఆడపడుచు

*

బంగారానికి,

ఇంత చిన్న ఉత్తరమా? ఏదో దాస్తున్నావా ఏంటి?

ఫొటో హాల్లో తెర మీద గోడంత చేసి చూపించాను. టీచర్లు లేచి నిలబడి చప్పట్లు! ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. డైరెక్టరుగారు అదే చేతిపుస్తకం అట్టమీద వేద్దామన్నారు. నాకు ఇంకా నమ్మకం కుదరడంలేదు. ఇన్నేళ్ళ చాకిరీకి ఒక గుర్తింపు.

పిల్ల బొమ్మ వెయ్యాలంటే వాళ్ళమ్మ ఒప్పుకోవాలి. కాగితం పంపుతున్నాను, ఇంటికెళ్ళి సంతకం పెట్టించుకో. అలాగే ఆ పిల్లచేత ఒక మాట చెప్పించి రాసి పంపు, "నేను తక్కువతో ఎలా బతుకుతున్నానంటే" అని. బొమ్మ కింద వేస్తాం. ఆలస్యం చెయ్యకు, ప్రెస్సువాళ్ళు తొందరపెడుతున్నారు.

మీ వదిన

*

వదినా,

నువ్వు పంపిన కాగితం చేతిలో పట్టుకునే పిచ్చుక ఇంటికి వెళ్ళాను. అది చెమటకి తడిసి ముద్దయింది. ఖాళీగానే ఉంది. తిరిగి పంపడంలేదు.

వాళ్ళుండేది ఒకటే గది. వాళ్ళమ్మ ఒక హోటల్లో దుప్పట్లు ఉతుకుతుంది. గదిలో ఒక మంచం, ఒక బకెట్టు, తాడుమీద ఆరుతున్న యూనిఫారం. ఉన్నది ఆ ఒక్కటే. నన్ను చూడగానే పిల్ల తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. జ్వరమా అని అడిగాను. వాళ్ళమ్మ నాకు స్టూలు వేసి, తను నిలబడే మాట్లాడింది. గొంతు కూడా పెంచలేదు. పెంచినా బాగుండేది.

"జ్వరం లేదు టీచర్. మీరు ఫ్యానుందా అన్నారట, లేదంది. కొత్త బట్టలున్నాయా అన్నారట, లేవంది. షవరుందా అన్నారట, అదేంటో దీనికి తెలీదు, లేదంది. లేదన్నప్పుడల్లా చప్పట్లు కొట్టించారట. మాకేం లేవో మాకు తెలుసు. దీని నేస్తాలకి మాత్రం అప్పటిదాకా తెలీదు."

నేనూ స్టూలు మీంచి లేచి నిలబడ్డాను వదినా.

ఆ రోజునుంచి క్లాసులో దాన్ని పిచ్చుక అని ఎవరూ పిలవడంలేదట. "లేదు టీచర్" అంటున్నారట. ఏయ్ లేదు టీచర్, పెన్సిలుందా? ఏయ్ లేదు టీచర్, ఆటకొస్తావా? నా క్లాసులో, నా ముక్కు కింద. నాకు వినబడలేదు. నేను గోడమీది పాదాలు చూసి మురిసిపోతున్నాను.

పోయిన ఉత్తరంలో పెద్ద విషయమేం కాదన్నాను కదా, అదీ చెప్పేస్తాను. రెండోసారి కొలిచినప్పుడు పిచ్చుక గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పింది. మాకు కారుంది టీచర్. ఎర్రది. మూడు ఫ్యాన్లు. షవర్లు రెండు. పిల్లలు విరగబడి నవ్వారు. నేనేం చేశానో తెలుసా? అందరిముందూ కేకలేశాను. "అబద్ధాలాడే పాదం భూమికి ఇష్టముండదు" అన్నాను. పెద్ద డైలాగు! అప్పుడది నావైపు సూటిగా చూసి "మరి మీ పాదమేది టీచర్?" అంది. గోడ మీద నాది లేదు. పొగరా అని బయట నిలబెట్టాను.

అది బయట నిలబడి ఉండగానే నేను లోపల భూమిని ప్రేమించడం గురించి పాఠం చెప్పాను.

మర్నాటినుంచి రాలేదు. ఇంక ఆ బడికి వెళ్ళనంటోందట. బడి మార్చినా ఫర్వాలేదు, అది కాకపోతే అమ్మతోపాటు దుప్పట్లు ఉతుకుతానంటోందట. వచ్చే వారం శుక్రవారం వాళ్ళమ్మ టీసీ కోసం వస్తానంది. దగ్గర్లో వేరే బడి లేదు వదినా. టీసీ తీసుకుంటే ఆ పిల్ల చదువు అక్కడితో సరి, నీకూ తెలుసు.

ఆ ఫొటో వెయ్యొద్దు. ఆ ఆట కూడా వెయ్యొద్దు. నేనొక్కదాన్ని చేస్తేనే ఇంత అయింది. అన్ని బడుల్లో ప్రతి క్లాసులోనూ ఒక పిచ్చుక ఉంటుంది.

నీ ఆడపడుచు

*

మరదలికి,

నీ బాధ అర్థమైంది. కానీ తప్పు ఆటది కాదు, ఆడించినదానిది. పాదాన్ని మెచ్చుకోమన్నాను గానీ పిల్లని నిలబెట్టి చప్పట్లు కొట్టించమన్నానా? నువ్వెప్పుడూ ఇంతే. మా పెళ్ళిలో కూడా తోరణం కట్టమంటే పందిరి లాగేశావు.

ఫొటో తీసేయిస్తాను. ఆట మాత్రం కుదరదు. అచ్చుకి వెళ్ళిపోయింది, నా పేరుమీద వెళ్ళింది. ఇప్పుడు వెళ్ళి వద్దంటే డైరెక్టరుగారి దగ్గర నా పరువేం కావాలి? మంచి పని మొదలుపెట్టినప్పుడు ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. నాలుగు రోజులుపోతే పిల్లే వస్తుంది. పిల్లలు మర్చిపోతారు.

వదిన

*

వదినకి,

పందిరి లాగింది నేను కాదు, అన్నయ్య. ఇన్నేళ్ళుగా ఆ నింద నేను మోస్తున్నాను. అది పోనీలే.

ఆట ఆడించింది నేనే, ఒప్పుకుంటున్నాను. గోడమీది పాదాలన్నీ తీసేశాను. బొద్దుగాడు సాయం చేశాడు. "దాన్ని లేదు టీచర్ అని ముందు నేనే అన్నాను" అని చెప్పి ఏడ్చాడు. నేనూ వాడి పక్కనే నేలమీద కూర్చున్నాను.

తర్వాత ఇంట్లో నా పాదం గీసుకుని కొలుచుకున్నాను. అబద్ధం లేకుండా. స్కూటరు, ఫ్రిజ్జు, అలమరలో ట్యాగు కూడా తియ్యని బట్టలు, పారబోసిన అన్నం. పట్టీలు అంటిస్తూ అంటిస్తూ ఉంటే ఇంట్లో పేపర్లు అయిపోయాయి. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని చుట్టి మంచం కింద తోసేశాను. చూడటానికి ఎవరూ లేరు, అయినా సిగ్గేసింది. అందరిముందూ కొలిపించుకున్న పిల్లకి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

అందుకే నిజంగా అడుగుతున్నాను, ఎత్తిపొడుపు కాదు. నీ పాదం అంత చిన్నగా ఎలా ఉంచుకున్నావు వదినా? నాకూ నేర్పు.

శుక్రవారం వాళ్ళమ్మ వస్తుంది.

నీ ఆడపడుచు

*

నా తల్లికి,

"నాకూ నేర్పు" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. తిట్టినా బాగుండేది. పోయిన ఉత్తరం నేను రాసిన తీరుకి నువ్వు తిట్టాల్సింది.

నేర్పడానికి నా దగ్గరేం లేదు. మీ అన్నయ్య దగ్గు ఎందుకో చెబుతాను, విను. రోజూ పొద్దున ఆయనే నన్ను కారులో తీసుకొచ్చి ట్రైనింగు హాలు వెనక సందులో దింపుతాడు. అక్కడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, సంచి భుజానికి తగిలించుకుని, మలుపు తిరిగి, బస్సు దిగి వచ్చినదానిలా నడిచి వస్తాను. ఎండగా ఉన్నరోజు మొహం తుడుచుకుంటూ వస్తాను కూడా! మొదట్లో నిజంగానే బస్సెక్కేదాన్ని. తర్వాత ఒకరోజు ఆలస్యమైంది. ఆ తర్వాత రోజూ ఆలస్యమే. గోడమీద పాదం మాత్రం మార్చలేదు.

నేను పడుకునేది ఏసీ గదిలోనే. రెండు నూలు చీరలు ట్రైనింగు చీరలు. అలమర తెరిస్తే మిగతావి మీద పడతాయి.

ఆ పిల్ల తన పాదం పెద్దది చేసుకోవడానికి అబద్ధమాడింది. నేను నాది చిన్నది చేసుకోవడానికి ఆడాను. దానికి దక్కింది గుమ్మం బయట నిలబడటం. నాకు దక్కింది చప్పట్లు. ఇద్దరం నలుగురిలో తల ఎత్తుకోవడానికే ఆడాం, కానీ దానికి వేరే దారి లేదు, నాకు బస్సుంది. ఉండి తగ్గించుకోవాల్సినవాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు, ఏమీ లేని పిల్లచేత జవాబు చెప్పించాను. నువ్వు కాదు. నేను. నువ్వు నేను నేర్పింది నేర్పినట్టు చేశావు.

ఇవాళ డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆట తీసేయమన్నాను. కారణం అడిగారు. చెప్పాను, సందు సంగతితో సహా. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ప్రెస్సుకి ఫోను చేశారు. ఆ పేజీలు ఆగాయి. నా పేరుతో ఇంకేదైనా వేస్తారో వెయ్యరో తెలీదు. హాల్లో టీచర్లందరూ ఉండగానే గోడమీది నా పాదం పీకేశాను. బయటికి వచ్చాక నవ్వు వినిపించింది. వినిపించనీ.

శుక్రవారం వస్తున్నాను. కారులోనే వస్తాను, సందు చివర కాదు, మీ బడి గేటు దాకా. చాక్‌పీసులు సిద్ధంగా ఉంచు, పేపర్లు చాలవు. పిల్లలముందు నన్ను కొలవాలి. ప్రశ్నలు పిల్లలే అడగాలి. పిచ్చుక వస్తుందో రాదో, వచ్చినా నా మొహం చూస్తుందో లేదో.

పందిరి సంగతి మీ అన్నయ్యని అడిగాను. మళ్ళీ దగ్గాడు.

మీ వదిన

*

ప్రియమైన మా వదినకి,

శుక్రవారం నువ్వు వెళ్ళేటప్పుడు మాట్లాడకుండా కారెక్కావు. ఓడిపోయాననుకున్నావు. అందుకే ఇది వెంటనే రాస్తున్నాను.

నువ్వు నేలమీద గీసిన పాదం చుట్టూ బొద్దుగాడు ఒక్కో గీత గీస్తుంటే, అది బల్లలు దాటి, గుమ్మం దాటి, వరండాలోకి పోయింది గుర్తుందా? "ఏసీ ఎంతసేపు వేస్తారు?" "తెల్లారేదాకా." "చీరలెన్ని?" "లెక్కపెట్టలేదు నాన్నా." పిల్లలు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. పిచ్చుక వాళ్ళమ్మ కొంగు పట్టుకుని వరండాలోనే నిలబడింది. గీతలు దాని కాళ్ళదాకా వస్తే ఒక అడుగు వెనక్కి వేసింది. నువ్వు దాని ఎదురుగా కూర్చుని "తప్పు నాదమ్మా, మీ టీచర్‌కి నేర్పింది నేనే" అంటే బదులు చెప్పలేదు. నేను చెప్పిన క్షమాపణకీ చెప్పలేదు. వాళ్ళమ్మ టీసీ అడగలేదు, అలాగని పంపుతాననీ అనలేదు. "దాన్ని అడగాలి టీచర్" అని తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ పాదాన్ని తుడవొద్దని ఆయాకి చెప్పాను. ఇవాళ సోమవారం. నేను వెళ్ళేసరికి నీ పాదం దగ్గర ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. పుల్లల్లాంటి కాళ్ళు, ఆ ఒక్క యూనిఫారం, పక్కన పుస్తకాల సంచి. చేతిలో చాక్‌పీసు. మడమ చివరనుంచి మొదలుపెట్టి అన్నిటికన్నా బయట కొత్త గీత గీస్తోంది. నేను అక్కడే ఆగిపోయాను. పలకరిస్తే ఎగిరిపోతుందేమోనని భయం.

గీయడం పూర్తిచేసి, చేతులు దులుపుకుని, నన్ను చూసింది. కోపం ఇంకా పోలేదు వదినా, ఆ కళ్ళలో ఉంది. ఉండనీ, నాకది తగిందే.

"ఇదెందుకమ్మా?" అన్నాను.

"ఆ మేడమ్ కారులో వచ్చింది ఒక్కటే కలిపారు టీచర్," అంది. "తిరిగి కూడా కారులోనే వెళ్ళారు కదా."

సంచి తీసుకుని లోపలికి వెళ్ళి తన చోట్లో కూర్చుంది.

నీ ఆడపడుచు